పిల్లకి కొత్త ఆయమ్మ అలవాటయ్యేదాకా: మొదటి నెల ఎలా నడపాలి

మా పాపకి ఏడో నెల వచ్చిన వారానికి నేను మళ్లీ డ్యూటీలో చేరాను. మేముండేది పాలకొల్లు, ఉద్యోగం భీమవరంలో. ముందురోజు సాయంత్రమే ఒకావిడ పనిలో చేరింది. మర్నాడు పొద్దున్నే పాపని ఆవిడ ఒళ్లో పెట్టి, చేతికి గిలక్కాయ ఇచ్చి, అది అటు చూస్తుండగా పెరటి గుమ్మంలోంచి జారుకున్నాను. రైలు వీరవాసరం దాటకముందే ఇంటి నుంచి మూడు ఫోన్లు. నాలుగో రోజుకి ఆవిడ, "నావల్ల కాదండీ, బిడ్డ నన్ను చూస్తేనే గుక్క పట్టేస్తంది" అని మానేసింది. ఆవిడ తప్పేం లేదు. పాప తప్పు అంతకన్నా లేదు.

మూడేళ్ల తర్వాత బాబు పుట్టినప్పుడు అదే పనికి నెల రోజులు పెట్టాను. మొదటిసారి పాపని ఆవిడకి అలవాటు చెయ్యాలని చూశాను. రెండోసారి ముందు నేనే ఆవిడకి అలవాటు పడ్డాను, వాడు నా వెనకాలే వచ్చాడు. కింద రాసిందంతా ఆ నెల రోజుల లెక్క. మీ ఇంటికీ, మీ బిడ్డ వయసుకీ తగ్గట్టు మార్చుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించాక మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాల జీతంతో కూడిన సెలవు వచ్చింది. అంతకుముందు 12 వారాలే. ఆ 26లో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. అంటే మనం తిరిగి ఆఫీసు మెట్లెక్కేసరికి బిడ్డకి నాలుగు నుంచి ఆరు నెలలు ఉంటాయి. ఇంకో నెలో రెండు నెలలో సొంత సెలవు కలుపుకుంటే ఏడెనిమిది. చిక్కంతా ఇక్కడే ఉంది. పిల్లలు "కొత్త చెయ్యడం" మొదలుపెట్టేది సరిగ్గా ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య. నిన్నటిదాకా ఎవరు చేతులు చాపినా వెళ్లిన బిడ్డ ఇవాళ మేనమామని చూసి కూడా పెదవి విరుస్తుంది.

ఇంచుమించు అదే సమయంలో ఇంకో తెలివి కూడా వస్తుంది. కళ్లముందు లేకపోయినా మనిషి ఎక్కడో ఉంటుందని బిడ్డకి అర్థమవుతుంది. అమ్మ ఎక్కడో ఉందని తెలుసు, ఎప్పుడొస్తుందో తెలీదు. ఆ మధ్యలో ఉండే భయమే ఏడుపు. పది నెలల నుంచి ఏడాదిన్నర దాకా ఇది గట్టిగా ఉండి, మూడేళ్లు వచ్చేసరికి చాలావరకు సర్దుకుంటుంది. ఇది బుద్ధి ఎదుగుతున్న గుర్తు, మొండితనం అనుకోవద్దు.

అందుకని వీలైతే ఆవిడని బిడ్డకి నాలుగో నెల, ఐదో నెల ఉండగానే ఇంటికి రప్పించండి. రోజుకి రెండు గంటలు వచ్చినా చాలు. ఆ వయసు దాటిపోయిందా, కనీసం మూడు వారాలు, కుదిరితే నాలుగు, మీరు ఇంట్లో ఉండగానే ఆవిడ రావాలి. ఆ నెల జీతం అదనపు ఖర్చులా అనిపిస్తుంది. నాకూ అనిపించింది. మొదటిసారి ఆ డబ్బు మిగిల్చి, సెలవులు పెట్టి అంతకు రెట్టింపు పోగొట్టుకున్నాను.

ఒకేసారి రెండు మార్పులు పెట్టొద్దు. పాలు మాన్పించడం, ఇల్లు మారడం, తొమ్మిది నెలల టీకా వేయించి జ్వరం వచ్చే రెండు రోజులు, రెండో కాన్పు, ఇలాంటివేవీ ఆ వారంలో పడకుండా చూసుకోండి. మూఢం, ఆషాఢం చూసుకునే ఇళ్లుంటాయి. చూసుకోండి, కాదనను. ఆవిడ చేరిన మంచిరోజూ, మీరు ఉద్యోగంలో చేరిన మంచిరోజూ ఒకటి కాకపోతే చాలు.

మనిషిని కుదుర్చుకునేటప్పుడు

ఇక్కడ మనుషులు ఎక్కువగా తెలిసినవాళ్ల ద్వారానే దొరుకుతారు కాబట్టి దీని గురించి నాలుగు మాటలే. ఆధార్ కాపీ, ఇద్దరు పాత యజమానుల ఫోన్ నంబర్లు తీసుకుని, ఫోన్ చేసి నిజంగా మాట్లాడండి. రెండు వారాలకి మించి దగ్గు ఉంటే ప్రభుత్వాసుపత్రిలో కఫం పరీక్ష ఉచితంగా చేస్తారు, చేయించండి. మామూలు జ్వరం, జలుబు ఉన్న రోజు రావద్దనీ, ఆ రోజు జీతం కొయ్యబోమనీ ముందే చెప్పండి. చెప్పకపోతే మందు బిళ్ల వేసుకుని వచ్చేస్తారు, పాపం.

"పన్నెండేళ్ల పిల్ల ఉందండీ, చంటోణ్ణి ఆడిస్తుంది" అని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. వద్దు. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇంటిపనిలో పెట్టుకోవడం 2006 నుంచే నిషేధం, 2016 చట్టంతో అది ఇంకా గట్టిపడింది. చట్టం సంగతి పక్కనపెట్టినా, ఒక బిడ్డని ఇంకో బిడ్డ ఎలా కాపాడుతుంది?

పని ఏమిటో విడమరచి చెప్పండి. బిడ్డని చూసుకోవడంతో పాటు అంట్లు, బట్టలు, చేపలు బాగుచెయ్యడం కూడా నెత్తిన పెడితే, బిడ్డకి ఒడి దొరికే వేళ ఉండదు. రెండు పనులూ కావాలంటే అంట్లకి వేరే మనిషిని చూసుకోండి.

కోనసీమ, నరసాపురం వైపు చాలామంది ఆడవాళ్లు కువైట్‌లోనో దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఇళ్లలో పనిచేసి వచ్చినవాళ్లు. బాబుని చూసుకున్న ఆవిడ (పిల్లలకి మామ్మ) కూడా అంతే. ఆరేళ్లు కువైట్‌లో ఎవరి పిల్లల్నో పెంచింది, ఆవిడ సొంత పిల్లల్ని వాళ్ల అమ్మమ్మ పెంచింది. ఆ మాట ఆవిడే ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది. "నేనొచ్చేసరికి మా చిన్నది నన్ను 'ఎవరండీ' అందమ్మా." బిడ్డని వదిలి వెళ్లే తల్లి బాధ నేను ఆవిడకి వివరించక్కర్లేదని అప్పుడు తెలిసింది. ఇంటర్వ్యూ ప్రశ్నలకి దొరకని సంగతులివి. కలిసి కూర్చుంటేనే వస్తాయి.

బిడ్డకి చూపించకముందు: మీ ఇద్దరూ

మొదటి పని పిలుపు. ఆవిడని మీరేమని పిలుస్తారు, బిడ్డ ఏమని పిలవాలి? పెద్దావిడైతే మామ్మ, నడివయసైతే పెద్దమ్మో పిన్నో, చిన్నదైతే అక్క. ఏదో ఒకటి అనుకుని ఇంట్లో అందరూ అదే వాడండి. మీరు "ఒసేయ్" అని పిలిచే మనిషిని బిడ్డ మర్యాదగా చూడదు. మా ఇంట్లో పిల్లలకి మామ్మ, నాకు "ఏమండీ".

తర్వాత బిడ్డ భాష. ప్రతి ఇంట్లో బువ్వ, లాల, బజ్జో, టాటా ఉంటాయి, వాటిపైన ఆ ఇంటికే తెలిసిన మాటలు ఇంకో పది ఉంటాయి. మావాడికి "బూ" అంటే మంచినీళ్లు, "బుర్" అంటే రోడ్డు మీదికి తీసుకెళ్లమని. ఈ రెండూ తెలియని మనిషి చేతిలో వాడు దాహంతో ఏడుస్తుంటే ఆవిడ బయటికి ఎత్తుకుని తిప్పుతూ ఉండేది. ఆ మాటల్ని ఓ పూట కూర్చుని అన్నీ చెప్పండి. అలాగే నిద్రొస్తే ఏం చేస్తుంది (చెవి లాక్కుంటుందా, జుట్టు పట్టుకుంటుందా), ఆకలైతే ఎలా ఏడుస్తుంది, భుజాన వేసుకుంటే ఇష్టమా, చంకనెక్కితే ఇష్టమా.

దినచర్య కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించడం బాగానే ఉంటుంది, ఆవిడకి చదవడం వస్తే. రాకపోతే అడిగి ఇబ్బంది పెట్టకండి, నోటితో చెప్పండి. గడియారం బదులు రోజులో ఉండే గుర్తులు పట్టుకోండి: గుళ్లో మైకు ఆగాక స్నానం, మధ్యాహ్నం బడి గంట కొట్టాక అన్నం, ఎండ అరుగు దిగాక పాలు. మా మామ్మకి ఇదే బాగా పట్టుబడింది.

మొదటి వారం: ఎత్తుకోవద్దు

కొత్త మనిషి రాగానే మనవాళ్లు చేసే పని, "వెళ్లు, మామ్మ దగ్గరికి వెళ్లు" అని బిడ్డని తోసెయ్యడం. ఆవిడ కూడా పనికొచ్చానని చూపించుకోవాలని చేతులు చాపుతుంది. ఇద్దరూ ఆగాలి.

*1 నుంచి 3 రోజులు.* ఆవిడ వచ్చి బిడ్డకి కాస్త దూరంలో, నేల మీద కూర్చోవాలి. నిలబడితే కొత్త మనిషి మరీ పెద్దగా కనిపిస్తుంది. బిడ్డ కళ్లలోకి సూటిగా చూడక్కర్లేదు. మీతో కబుర్లు చెప్పాలి, చిక్కుడుకాయలు వలవాలి, ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. పాలకొల్లు, నరసాపురం వైపు ఆడవాళ్ల చేతిలో లేసు అల్లిక ఎప్పుడూ ఉంటుంది కదా, ఆ కదిలే దారాన్ని చూస్తూ మావాడు మొదటిరోజే రెండడుగులు పాక్కుంటూ వెళ్లాడు. (కొక్కెం సూది మాత్రం ఆ రోజు నుంచీ బీరువాలోకి పోయింది.)

ఈ మూడు రోజులూ బిడ్డ చేసే అసలు పని ఒకటుంది. ఆవిడని చూస్తుంది, వెంటనే మీ మొహం చూస్తుంది. తొమ్మిది, పది నెలలు వచ్చేసరికి పిల్లలు తెలియనిదాన్ని చూసినప్పుడు అమ్మ మొహంలో జవాబు వెతుక్కుంటారు. మీరు నవ్వుతూ ఆవిడకి టీ అందిస్తే, "పర్లేదు" అని వాళ్లకి అర్థమవుతుంది. మీరు పెదాలు బిగించి, ఆవిడ చేతులు కడుక్కుందా లేదా అని కన్నేసి ఉంటే అదీ అర్థమవుతుంది. ఉద్యోగం టెన్షన్, కొత్త మనిషి మీద అనుమానం, రెండూ నా మొహం మీదుండగా పాప ఆవిడ దగ్గరికి ఎలా వెళుతుంది?

టీ అంటే గుర్తొచ్చింది. పనిమనిషికి గ్లాసు వేరుగా పెట్టే ఇళ్లు మన దగ్గర ఇంకా ఉన్నాయి. బిడ్డకి గోరుముద్దలు పెట్టే చెయ్యి, బిడ్డ ముక్కు తుడిచే చెయ్యి, మన గ్లాసు ముట్టుకోకూడదట. మీ ఇంట్లో ఆ అలవాటుంటే ఈ నెలలోనే మానెయ్యండి. రెండేళ్ల పిల్లలు కూడా ఏ గ్లాసు ఎవరిదో గమనిస్తారు.

*4 నుంచి 6 రోజులు.* బిడ్డ తనంతట తాను ఆవిడ దగ్గరికి వెళ్లడం మొదలుపెడుతుంది. అప్పుడు పనులు ఒక్కొక్కటే అప్పజెప్పండి, మీరు పక్కనే ఉండి. వరస ముఖ్యం. ముందు ఆట, తర్వాత తిండి, తర్వాత స్నానం, అన్నిటికన్నా చివర నిద్ర. నిద్రపుచ్చడానికి బిడ్డ పూర్తిగా నమ్మాలి, మొదటిరోజే దానితో మొదలుపెడితే ఇద్దరూ ఓడిపోతారు.

ఆటల్లో దోబూచులాటకి మించింది లేదు. కొంగు చాటున మొహం దాచుకుని "బూ" అని బయటపెట్టే ఆట. కనబడకుండా పోయిన మొహం మళ్లీ వస్తుందని పిల్లలు ఈ ఆటలోనే సాధన చేస్తారు. మొదట మీరు, తర్వాత ఆవిడ, తర్వాత మీరు తలుపు చాటుకి వెళ్లి పది లెక్కపెట్టి రావడం. మావాడితో రోజుకి ఎన్నిసార్లు ఆడామో లెక్కలేదు.

రెండో వారం: బయటికి వెళ్లి రావడం

ఇప్పుడు నిజంగా గుమ్మం దాటండి. మొదటిరోజు పది నిమిషాలు, కొట్టుకెళ్లి పెరుగు తెచ్చుకోండి. మర్నాడు అరగంట. తర్వాత గంట, రెండు గంటలు. వారం చివరికి ఒక పూట. గదిలో దాక్కుని తలుపు సందులోంచి చూడటం వెళ్లడం కిందికి రాదు. బిడ్డకి మీ వాసన, మీ గాజుల చప్పుడు తెలుస్తూనే ఉంటాయి. ఆవిడకీ తెలుస్తుంది, తనని పరీక్షిస్తున్నారని.

చెప్పి వెళ్లండి

మన ఇళ్లలో గుమ్మం దాటేటప్పుడు "వెళ్తున్నా" అంటే పెద్దవాళ్లు ఊరుకోరు, "వెళ్లొస్తా అను" అని సరిదిద్దుతారు. అదే మాట బిడ్డకీ చెప్పండి. ఏడుస్తుందని భయపడి, మాటల్లో పెట్టి, పెరటి దారిన జారుకోవద్దు. నేను చేసిన పెద్ద తప్పు ఇదే. ఒకసారి అమ్మ మాయమైతే, ఆ తర్వాత అమ్మ స్నానానికి వెళ్లినా బిడ్డ గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది. పాప నన్ను బాత్రూమ్‌కి కూడా పోనివ్వకపోవడం ఆ వారంలోనే మొదలైంది, రెండు నెలలు పట్టింది పోవడానికి.

వెళ్లే తంతు చిన్నది, రోజూ ఒకేలా ఉండాలి:

ఒకటి, చెప్పులు వేసుకోకముందే బిడ్డ ఎత్తుకి కూర్చుని చెప్పండి. "అమ్మ ఆఫీసుకి వెళ్లొస్తుంది. నువ్వు మామ్మతో బువ్వ తిని, బజ్జుని లేచాక వస్తుంది." పిల్లలకి సాయంత్రం ఆరు అంటే తెలీదు, నిద్ర లేచాక అంటే తెలుస్తుంది. చెప్పిన గుర్తుకి మీరు నిజంగా రావాలి. రైలు ఆలస్యమయ్యే రోజుల్ని కూడా కలుపుకుని చెప్పండి.

రెండు, మీరే బిడ్డని ఆవిడ చేతికి అందించండి. ఆవిడ మీ చంకలోంచి లాక్కుంటున్నట్టు ఉండకూడదు. అందరూ తేలిగ్గా తీసుకునే సంగతే ఇది, తేడా మాత్రం చాలా ఉంటుంది.

మూడు, ఒక ముద్దు, ఒక టాటా, నడవండి. ఏడుపు వినబడితే వెనక్కి రావద్దు. ఒకసారి వచ్చారా, ఇంకాస్త గట్టిగా ఏడిస్తే అమ్మ తిరిగొస్తుందని బిడ్డ నేర్చుకుంటుంది.

"సూదికెళ్తున్నా, నీకూ వేయిస్తా" లాంటి అబద్ధాలు వద్దు. కాజా చేతిలో పెట్టి ఏమార్చడం కూడా వద్దు. వారం తిరక్కుండానే బిడ్డకి మీ ప్రయాణం కాజా కోసమే అయిపోతుంది. ఇక ఆవిడకి చెప్పాల్సింది ఒకటుంది. ఏడుస్తున్న బిడ్డతో "ఏడిస్తే బూచాడు పట్టుకుపోతాడు" అనకూడదు. మంచి మనసుతోనే అంటారు, వాళ్ల అమ్మలు అన్నారు కాబట్టి. "అమ్మ వెళ్లిందని బెంగా? వస్తుందిలే, రా, కోడిని చూద్దాం" అనమనండి. బాధ ఉందని ఒప్పుకుని, చూపు మళ్లించడం. మా వీధిలో కోళ్లు, మేకలు, కొబ్బరి దింపు మనిషి ఉంటారు కాబట్టి మళ్లించడానికి లోటుండదు.

ఎంతసేపు ఏడుస్తుందన్నది కాకుండా, ఆగాక ఏం చేస్తోందన్నది చూడండి. మీరు వెళ్లిన కాసేపటికి తేరుకుని, ఆడి, తిని, పడుకుంటుంటే అలవాటవుతున్నట్టే. సాయంత్రం మిమ్మల్ని చూడగానే భోరుమంటే, రోజంతా బాధపడిందనుకుని ఆవిడ మీద మండిపడకండి. దాచుకున్న బెంగంతా తన మనిషి దగ్గర బయటపెడుతోంది. వచ్చిన మొదటి పావుగంట ఫోన్ పక్కన పడేసి బిడ్డతో నేల మీద కూర్చోండి.

మధ్యాహ్నం వీడియో కాల్ మొదటి రెండు వారాలు వద్దు. బిడ్డ అప్పటికే ఆటలో పడి ఉంటుంది, ఫోన్‌లో మీరు కనబడి మాయమైతే పొద్దుటి కథ మళ్లీ మొదలవుతుంది. ఆవిడని ఒక ఫొటో పంపమనండి, చాలు.

పాలు, తిండి, నిద్ర

తల్లిపాలు తీసి ఉంచాలనుకుంటే అలవాటు ముందు వారంలోనే మొదలవ్వాలి. పితికిన పాలు 25 డిగ్రీల లోపు వేడిలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో లోపలి వైపు నాలుగు రోజుల వరకు ఉంటాయి. మన గోదావరి డెల్టాలో ఏప్రిల్, మే నెలల్లో ఇంట్లో 25 డిగ్రీలు ఎక్కడివి? కాబట్టి తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టడమే. కరెంటు ఎక్కువసేపు పోయే ఊళ్లో ఐసు ముక్కలున్న చల్లడబ్బా ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. గిన్నెడు వేణ్ణీళ్లలో పాత్ర ఉంచి వెచ్చబెట్టాలి, పొయ్యి మీద కాచకూడదు. బిడ్డ తాగి మిగిల్చినవి రెండు గంటల్లో తాగకపోతే పారబొయ్యాలి. సీసా కన్నా ఉగ్గుగిన్నె శుభ్రం చెయ్యడం తేలిక. మొదటిసారి పట్టేటప్పుడు మీరు గదిలో ఉండొద్దు, మీ వాసన తగులుతుంటే ఏ బిడ్డా గిన్నె ముట్టదు.

ఏడాది నిండకముందు తేనె నాకించొద్దని, ఆవుపాలు గేదెపాలు తల్లిపాల బదులు పట్టొద్దని గట్టిగా చెప్పండి. పెద్దావిడలకి ఈ రెండూ మంచివనే నమ్మకం. అన్నం మొదలైన పిల్లలకి మెత్తటి పప్పన్నం, ఇడ్లీ, నలిపిన చక్కెరకేళి. వేరుశనగ గుళ్లు, జంతికల ముక్కలు, చేపముల్లు, గొంతుకడ్డం పడేవేవీ చేతికివ్వకూడదు. ఊపిరాడకపోతే ఏం చెయ్యాలో ఆవిడ చేత బొమ్మ మీద ఒకసారి చేయించండి: ఏడాదిలోపు బిడ్డని ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము మధ్యలో ఐదు నొక్కులు, అడ్డుపడింది వచ్చేదాకా ఇదే. ఈలోగా ఎవరో ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి.

నిద్రకి నా చిట్కా, మీరు ఒకరోజు కట్టి విడిచిన నూలు చీర. ఉతక్కుండా, మడతపెట్టి పక్క కింద బిగించి పరవండి. మీ వాసన ఉంటుంది. ఏడాదిలోపు బిడ్డకి మొహం మీదికి వచ్చేలా వదులుగా ఏ గుడ్డా కప్పొద్దు.

నీళ్లు

పట్నంలో రాసిన సలహాల్లో ఇది ఒక్క లైనులో ఉంటుంది. డెల్టాలో ఉన్నవాళ్లం కాబట్టి దీన్ని విడిగా చెప్పాలి. ఇంటి ముందు కాలువ, వెనక నుయ్యి, పక్కన రొయ్యల చెరువు. కొత్తగా వచ్చిన మనిషిని మొదటివారమే ఇంటి చుట్టూ తిప్పి, నీళ్లు ఎక్కడెక్కడున్నాయో వేలు పెట్టి చూపించండి. పాకే పిల్లలకి బాత్రూమ్‌లో నిండు బకెట్ కూడా చెరువే. జానెడు నీళ్లు చాలు, చప్పుడు కూడా రాదు. బకెట్ వాడగానే బోర్లించాలి, బాత్రూమ్ గడియ పైన ఉండాలి, నూతికి ఇనప మూత ఉండాలి.

వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు ఎండిన కాలువలో పిల్లలు ఆడుకోవడం మనకి మామూలే. జూన్‌లో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి నీళ్లు వదిలాక, నిన్నటిదాకా ఆడుకున్న చోటికే నడక నేర్చిన బిడ్డ వెళుతుంది. ఆ కబురు ఆవిడకి ముందే చెప్పండి, ఆ వారం నుంచి వీధి గేటుకి తాళం పడాలి. "ఫోన్ మాట్లాడుతూ కాలువగట్టున ఎత్తుకుని తిప్పొద్దు" అనేది మా ఇంట్లో నేను కఠినంగా చెప్పిన ఒకే ఒక్క నియమం. మిగతావన్నీ బతిమాలుకునే చెప్పాను.

ఇంట్లో పెద్దావిడ ఉంటే

అత్తగారో అమ్మో ఇంట్లో ఉంటే మీ అదృష్టం, కొంత తలనొప్పి కూడా. ఆయమ్మ ఏం చేసినా "అలా కాదు" అనే గొంతు వెనక నుంచి వినబడుతుంటే బిడ్డ ఎవరి మాట వినాలి? నేను పని పంచేశాను. స్నానం, నూనె మర్దన మా అత్తగారివి, మిగతా రోజంతా మామ్మది. తప్పు కనిపిస్తే నాకు సాయంత్రం చెప్పండి, పిల్లల ముందు ఆవిడతో అనొద్దని అత్తగారిని అడిగాను. మొదట అలిగారు. తర్వాత వాళ్లిద్దరూ సీరియల్ చూస్తూ ఒక జట్టై నన్నే విమర్శించడం మొదలుపెట్టారు. ఆ స్థితికి వస్తే మీ ఇల్లు కుదుటపడ్డట్టే.

బిడ్డ ఏడిస్తే దిష్టి అంటారు. ఉప్పూ మిరపకాయలూ తిప్పి తీయనివ్వండి, పొగ మాత్రం బిడ్డ ఉన్న గదిలో పెట్టనివ్వొద్దు.

రెండేళ్లు దాటిన పిల్లలకి

వీళ్లకి మాటలొచ్చు కాబట్టి ముందే చెప్పాలి, మరీ నెల ముందు కాకుండా మూడు నాలుగు రోజుల ముందు. చిన్నచిన్న నిర్ణయాలు వాళ్ల చేతికివ్వండి: మామ్మకి ఏ బొమ్మ చూపిస్తావు, ఏ గౌను వేసుకుంటావు. "వద్దు, నువ్వే పెట్టు" అని కంచం తోసేస్తారు, పాత అలవాట్లకి వెళ్లి పక్క తడుపుతారు. రెండు మూడు వారాలు చూసీచూడనట్టు ఉండండి. మా పాప నాలుగేళ్లప్పుడు మామ్మ కొంగు పట్టుకుని తిరుగుతూ, నేను రాగానే "మామ్మ మంచిది కాదు" అని చెప్పేది. నన్ను బాధపెట్టకూడదనుకుందని చాలా రోజులకి గాని తెలియలేదు. "మామ్మంటే నీకిష్టమైతే నాకూ ఇష్టమే" అని చెప్పాక ఆ మాట మానేసింది.

ఎప్పుడు ఆగి చూడాలి

నెల దాటినా రోజంతా ఏడుస్తూ, తినక, బరువు తగ్గుతుంటే పిల్లల డాక్టరుకి చూపించండి. ఆవిడని చూడగానే వణకడం, ఒంటి మీద అర్థంకాని కమిలిన మచ్చలు, బట్టలు విప్పేటప్పుడు కొత్తగా భయం, పగలంతా మత్తుగా ఉండటం కనిపిస్తే అలవాటవుతుందిలే అని ఎదురుచూడొద్దు. ఆ రోజే బిడ్డని ఆవిడ దగ్గర వదలడం ఆపి, ఏం జరిగిందో తెలుసుకోండి. పిల్లల సహాయానికి 1098 రాత్రీ పగలూ పనిచేస్తుంది. కెమెరా పెట్టుకుంటే ఆవిడకి చెప్పి పెట్టండి, రహస్యంగా పెట్టిన కెమెరా సంగతి బయటపడితే మంచి మనిషి కూడా వెళ్లిపోతుంది.

ఆవిడ రాని రోజులు

సంక్రాంతికి రాదు. కోనసీమ మనిషైతే కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడకుండా అసలే రాదు. నది మధ్య లంక ఊరి మనిషైతే జూలై, ఆగస్టుల్లో గోదావరి పొంగినప్పుడు పడవ కట్టేస్తారు, నాలుగు రోజులు రావడం కుదరదు. ఇవన్నీ ముందే తెలిసిన రోజులే కాబట్టి మీ సెలవులు వాటికోసం దాచుకోండి. పక్కింటి అక్కనో చిన్నమ్మనో రెండో మనిషిగా ఇప్పటి నుంచే వారానికి ఒక గంట బిడ్డతో ఆడించండి. పండగ తర్వాత ఆవిడ తిరిగొచ్చాక బిడ్డ రెండు రోజులు మళ్లీ కొత్త చేస్తుంది, మొదటి వారం పద్ధతే ఒకపూట చేసి చూపిస్తే సర్దుకుంటుంది.

ఎప్పుడో ఒకప్పుడు ఆవిడ పూర్తిగా మానేస్తుంది. కూతురి కాన్పు, మోకాళ్ల నొప్పులు, లేదంటే మళ్లీ కువైట్ వీసా. బిడ్డ నిద్రలో ఉండగా ఆవిడ వెళ్లిపోవడం కూడా మాయమవడమే. వారం ముందే చెప్పి, వెళ్లే రోజు బిడ్డ చేత చిన్న చీర ఇప్పించి, ఆవిడ చేత కూడా "వెళ్లొస్తా" అనిపించండి. మా మామ్మ నిరుడు కువైట్ వెళ్లింది. ఆదివారం సాయంత్రాలు ఫోన్ చేస్తుంది. మావాడు ఫోన్ ముందు కొంగు లేదని తువ్వాలు మొహం మీద కప్పుకుని, తీసి, "బూ" అంటాడు.